మూడో సెల్లార్లో ఒంటి సీటు కారు

ఆ మేడ కింద మూడో సెల్లార్ చివరి మూలకి రాత్రయితే ఎవరూ వెళ్ళరు. అక్కడ బండి పెట్టుకోమని ఊరికే ఇచ్చినా దండం పెట్టి వద్దంటారు. కారణం... గుడ్డ కప్పి ఉన్న ఆ కారు.

అదేం కారో! ప్రపంచం మొత్తమ్మీద ఏడే ఉన్నాయట. మనిషి నడుమెత్తు కూడా లేదు. సీటు ఒక్కటే, అదీ సరిగ్గా మధ్యలో. తలుపు పక్కకి కాదు, పెట్టె మూతలా పైకి లేస్తుంది. లోపలంతా మీగడ రంగు తోలు. ఇంత సోకు చేసిన బండి ఒక్కరోజైనా రోడ్డెక్కిన పాపాన పోలేదు.

కానీ అర్ధరాత్రి దాటాక అందులోంచి చప్పుడొస్తుందట. చప్... చప్... ఎవరో దేన్నో జుర్రుకుంటున్నట్టు. ఛీ, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ చప్పుడుకే ఇద్దరు వాచ్‌మన్లు చెప్పకుండా పారిపోయారు. మూడోవాడు పారిపోలేదు, కారుగలవాళ్ళే పొమ్మన్నారు.

మొన్నొక పొద్దున కారుగల అమ్మగారు చుట్టాలకి చూపిద్దామని తలుపెత్తారు. గుప్పుమని కంపు! సీటు సందులో చీకి పారేసిన కోడి ఎముకలు, తోలు నిండా జిడ్డు వేళ్ళ మరకలు. "ఆ వాచ్‌మన్ వెధవే! మా కార్లో పడుకుని తింటున్నాడు!" అని అయ్యగారు మేడంతా వినబడేలా అరిచారు. తెల్లారేసరికి మెట్ల కింద వాడుండే గది ఖాళీ చెయ్యమన్నారు.

వాచ్‌మన్ పెళ్ళాం అక్కడే మెట్లు తుడుస్తుంది. ఆ రాత్రి గిన్నెలు మూట కడుతూ మొగుణ్ణి నిలదీసింది.

"నిజం చెప్పు. తిన్నావా?"

"నీ మీద ఒట్టే. ఆ చప్పుడు వినబడితే నేనసలు అటు తిరిగి కూడా చూడను... దెయ్యమే అది."

"దెయ్యం కోడిని తింటుందటయ్యా?"

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. గది పోతే ఇంకో గది, సరే. దొంగతిండి తిన్నాడన్న పేరు వెంట వస్తే ఇంకెవడు పనిస్తాడు? ఆమెకి కాలు నిలవలేదు. ఒంటిగంటకి టార్చిలైటు పట్టుకుని, చెప్పుల్లేకుండా కిందికి దిగింది.

చీకటి... నీళ్ళ పైపులో ఎక్కడో బొట్టు పడుతోంది. మూల దగ్గరికి వచ్చేసరికి కంపు మొదలైంది. మాడిన నూనె, చెమట, ఇంకేదో పుల్లటి వాసన. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

చప్... చప్...

గుడ్డ కదిలింది! ఊపిరి పీల్చినట్టు పొంగి... అణిగింది. ఆమె గుండె జారి అరికాళ్ళలోకి వచ్చింది. పారిపోదామనే అనుకుంది. కానీ పైన మొగుడి ఏడుపు మొహం గుర్తొచ్చింది.

గుడ్డ పట్టి ఒక్క గుంజు గుంజింది.

అద్దమంతా లోపల్నుంచి ఆవిరి పట్టి ఉంది. ఆ ఆవిరి మీద మెల్లగా... అయిదు వేళ్ళు. జిడ్డోడుతూ కిందికి జారాయి.

"అమ్మో!" అంటూనే ఆమె తలుపు పైకెత్తేసింది.

లోపల... అయ్యగారు!

నైట్ ప్యాంటు మీద ఉన్నారు. ఒళ్ళో నూనె కారే కాగితం పొట్లం. పళ్ళసెట్టు తీసి స్టీరింగుకి తగిలించి, ఎముకని చిగుళ్ళతో చీకుతున్నారు. గడ్డం నుంచి బొజ్జ దాకా నూనె.

"థూ! మీరా అయ్యగారూ?"

"ష్... అరవకే తల్లీ," అన్నారాయన, నోట్లో ముద్ద అటూ ఇటూ తోసుకుంటూ. "డాక్టరు నూనె మాన్పించాడు. మీ అమ్మగారు వంటింటికి తాళం వేస్తుంది. నిద్ర పట్టక పచార్లు చేస్తున్నానని చెప్పి వస్తాను... దీంట్లోకైతే ఎవరూ తొంగిచూడరుగా."

"మరి మా ఆయన్నెందుకన్నారు?"

"ఎవర్నో ఒకర్ని అనాలిగా! వాడికేం, ఇంకోచోట దొరుకుతుందిలే." అంటూ చెయ్యి ఆ మీగడ రంగు తోలుకి తుడుచుకున్నారు.

దెయ్యమైనా నయం, ఇంకొకరి నెత్తిన ఎముకలు పారెయ్యదు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నట్టు అయ్యగారి గొంతు మెత్తబడింది. "ఎవరికీ చెప్పకు, నీకు పుణ్యముంటుంది. కాస్త చెయ్యందించు... దీంట్లో దూరడమే గానీ లేవడం నా వల్ల కాదు. నా అంతట నేను బయటపడాలంటే అరగంట పడుతుంది."

జిడ్డు చెయ్యి ఆమె ముందుకి చాచారు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"అరగంట చాలండి అయ్యగారూ," అంది. "ఈలోగా అమ్మగారిని లేపుకొస్తాను."