సింధూరి మేడమ్ శనివారం క్లాసు

"మేడమ్, ఇవన్నీ వినడానికి బాగుంటాయండీ. ఒక్కరోజు స్టేషన్‌లో కూర్చుంటే తెలుస్తుంది మీకు."

వెనక వరసలోంచి ఎస్సై మణికుమార్ ఆ మాట అనేసరికి క్లాసంతా గొల్లుమంది. విజయవాడలోని ఓ లా కాలేజీలో నాలుగు శనివారాల పాటు ఎస్సైలకు ట్రైనింగ్. కొట్టకుండా, బెదిరించకుండా విచారణ చెయ్యడం ఎలాగో డాక్టర్ సింధూరి చెబుతోంది.

ఆమె కూడా నవ్వింది. "ఒక్కరోజేం ఖర్మండీ, ఆరేళ్లు కూర్చున్నాను. ఎస్సైగానే."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. మణికుమార్ చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఎందుకు వదిలేశారండీ?" గొంతు తగ్గించి అడిగాడు.

"శౌరయ్య అని ఒక తాపీమేస్త్రీ. దొంగతనం కేసు. మావాళ్లు నాలుగు తగిలిస్తే ఒప్పేసుకున్నాడు. ఆ కాగితం రాసింది నేనే. పదకొండు నెలలు జైల్లో ఉన్నాక అసలు దొంగ దొరికాడు. క్షమించమని అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. 'కొట్టకుండా అడిగుంటే నేనెక్కడున్నానో అప్పుడే చెప్పేవాణ్ణి కదమ్మా' అన్నాడు."

ఆమె చేతిలోని చాక్‌పీసు బల్లమీద పెట్టింది.

"ఆ మాట విన్నాక ఇక ఆ ఉద్యోగం చెయ్యలేకపోయాను. యూనిఫాం వదిలేసి మళ్లీ చదువుకున్నాను. జైళ్లు తిరిగి, శౌరయ్యలాంటి మూడొందల మందితో మాట్లాడి పీహెచ్‌డీ రాశాను."

మణికుమార్‌కి తన స్టేషన్‌లోని కేసు గుర్తొచ్చింది. బందరు దగ్గర అతని స్టేషన్‌కి పోలరాజు అనే చేపలచెరువు కాపలాదారుని రోజూ పిలిపిస్తున్నారు. చెరువు మీది మోటార్లు దొంగలెత్తుకుపోయినప్పుడు ఎక్కడున్నావంటే నోరు విప్పడు. సోమవారం లాఠీతోనే అడుగుదామని అప్పటిదాకా అనుకుంటున్నాడు మణికుమార్.

సోమవారం పోలరాజుకి కుర్చీ వేయించి టీ తెప్పించాడు. "తొందరేం లేదు పోలరాజూ. ఆ రోజు ఏం జరిగిందో నీకు తోచినట్టు చెప్పు."

పోలరాజు టీ గ్లాసు పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. "మా ఇంటిదానికి నొప్పులొచ్చాయండి. ఆస్పత్రికి తీసుకుపోయాను. కాపలా వదిలి వెళ్లానని తెలిస్తే ఆసామి పనిలోంచి తీసేస్తాడండి."

ఆస్పత్రి రిజిస్టర్ చూస్తే నిజమే. ఆ వారంలోనే మోటార్లు గుడివాడలో వేరేవాళ్ల దగ్గర దొరికాయి.

రెండో శనివారం మణికుమార్ ముందు బెంచీలో కూర్చుని అంతా చెప్పాడు. "మీవల్ల ఒక మనిషి బతికిపోయాడండీ."

"బాబా, పాపా?" సింధూరి అడిగిన మొదటి ప్రశ్న అదే.

"పాపండీ."

ఆమె మొహం విప్పారింది. ఆ నవ్వు చూశాక ఆ రోజు పాఠం అతని బుర్రకి ఒక్క ముక్క ఎక్కలేదు. మూడో శనివారం అతని డౌట్లు క్యాంటీన్ కాఫీ దాకా సాగాయి.

నాలుగో శనివారం క్లాసు అయ్యేసరికి కుండపోత వాన. వరండాలో ఇద్దరే మిగిలారు.

"మేడమ్, ఒకటి ఒప్పుకోవాలండీ. ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. మీరంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకోవాలనుంది."

సింధూరి వాన వైపు తిరిగింది. "పోలీసుల ముందు ఒప్పుకుంటే చెల్లదు, తెలుసుగా?"

"మీరిప్పుడు పోలీసు కాదు కదండీ!"

ఆమె నవ్వబోయి ఆగింది. "మణికుమార్ గారూ, మీరు ఎవరిమీదైనా చెయ్యెత్తిన రోజు..."

"ఆ రోజు మీరు అడగక్కర్లేదండీ. యూనిఫాం నేనే విప్పేస్తాను."

ఆమె అతని కళ్లలోకి చూసింది. అబద్ధం ఎక్కడా కనిపించలేదు.

"రేపు ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి రండి. అడగాల్సినవన్నీ మా అమ్మ గంగారత్నం గారు అడుగుతారు."

"భయంగా ఉందండీ."

"ఉండాలి మరి. ఎదుటివాళ్ల చేత నిజం చెప్పించడం నాకు నేర్పింది ఆవిడే."