పనసచెక్క మూత

మూడో గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే అంబిక చెయ్యి ఆగిపోతుంది.

ఈ వాసన!

గ్లాసు కొంచెం దూరం జరిపి, మళ్లీ ముక్కుకు ఆనిస్తుంది.

ఎదురుగా కూర్చున్న చెన్నకేశవ చూశాడా?

చూశాడు. వాడివి డేగకళ్లు. వాడి ముందు బల్లమీద మూడు సీసాలు, పళ్లెంలో వేయించిన వేరుశెనగలు, పళ్లెం పక్కనే పిస్తోలు. నంజుకోవడానికి ఊరగాయ పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు!

"ఏమమ్మా, అట్లే నిలిపేస్తివి? విషమేమన్నా కలిపినామా?"

"లేదప్పా... ఘాటు. ముక్కుకెక్కింది."

అబద్ధం. ఆ ముక్కుకు ఇన్నేళ్లలో ఏ ఘాటూ ఎక్కలేదు.

కిటికీ బయట చీకటి. హోసూరు ఫిబ్రవరి చలి. చెన్నకేశవ గులాబీ తోటల మధ్య ఈ కోల్డ్ స్టోరేజీ, దాని మీద ఈ ఆఫీసు గది. లవర్స్ డే దగ్గరపడింది. కింద ప్యాకింగ్ షెడ్డులో నలభై మంది ఆడవాళ్లు గులాబీలు కట్టలు కడుతూనే ఉన్నారు, లారీలు బెంగుళూరు ఎయిర్‌పోర్టుకు పోతూనే ఉన్నాయి. సాయంత్రం నుంచి కరెంటు వస్తూ పోతూ ఉంది. పోయినప్పుడల్లా జనరేటర్ కాసేపు మొండికేసి, తర్వాత తాపీగా అందుకుంటోంది.

"మేడం, టేక్ యువర్ టైం," అంటాడు పక్కన కూర్చున్న రక్షిత్. బెంగుళూరు కుర్రాడు. మూతపడిన డిస్టిలరీల పాత సింగిల్ మాల్ట్ విస్కీ ఎక్కడ దొరికినా కొంటాడు. "మీరు ఒరిజినల్ అంటేనే నేను కొనేది."

ఒరిజినలే. అందులో సందేహం లేదు. గొడవంతా అక్కడే ఉంది!

రాయకోట రోడ్డులో విస్కీ కాచే డిస్టిలరీ, అంబిక పనిచేసిన చోటు. ఎనభై ఐదులో మొదటి పీపా నింపారు, తొంభై నాలుగులో గేటుకు తాళం వేశారు. తాళం పడిన వారానికే గోడౌన్ తగలబడింది. పీపాలన్నీ బూడిదన్నారు. బూడిదలో ఎముకలు. ఎముకలకు మేనేజర్ గోపాలకృష్ణ చేతివాచీ.

గోడౌన్ తాళాలు ఎవరి దగ్గర? అంబిక తమ్ముడు విఘ్నేష్ దగ్గర. ముందురోజు మేనేజరుతో గొడవ పడిందెవరు? వాడే. ఇంకేం కావాలి! బయట గడియపెట్టి సజీవంగా తగలబెట్టాడన్నారు. యావజ్జీవం వేశారు.

పన్నెండేళ్లు.

పోయినప్పుడు మీసం సరిగ్గా రాని పిల్లాడు. ఇప్పుడు తల నెరిసింది. దగ్గితే గుడ్డలో రక్తం పడుతోంది. జైలుకు చూడబోయిన ప్రతిసారీ ఒకటే మాట... "నేను చెయ్యలేదక్కా." నమ్మింది అక్క ఒక్కతే. అక్క నమ్మకం ఏ కోర్టులో చెల్లుతుంది?

అందుకే, ఆ డిస్టిలరీ సీసాలు దొరికాయి, రుచి చూసి చెప్పాలి అని చెన్నకేశవ కబురు పెట్టగానే పరిగెత్తుకొచ్చింది. ఒకప్పుడు డిస్టిలరీ లారీల కాంట్రాక్టు వాడిదే. ల్యాబ్‌లో ముక్కుతో బతికినవాళ్లు ఇద్దరే ఇద్దరు. గోపాలకృష్ణ, అంబిక. ఆయన కాలిపోయాడు. మిగిలింది ఈమె.

మొదటి గ్లాసులో ఏ మోసమూ లేదు. ఎనిమిదేళ్ల సరుకు. బెల్లప్పాకం, వేయించిన బార్లీ, చివర్లో మిరియం. తన చేతిమీదుగా సీసాకెక్కిందే. కళ్లు చెమ్మగిల్లాయి.

రెండో గ్లాసు దగ్గర ఒళ్లు ఝల్లుమంది.

అదే ఇంటి బిడ్డ. కానీ బెల్లం పోయి ఎండుఖర్జూరం వచ్చింది. వెనకాలే పాత బీరువా వాసన. నాలుక మీంచి దిగనంటోంది. పదిహేనేళ్లకు తక్కువ కాదు! తొమ్మిదేళ్లు నడిచిన డిస్టిలరీలో పదిహేనేళ్ల సరుకు ఎక్కడిది? సీసాలో విస్కీకి వయసు పెరగదు. పీపాలోనే పెరుగుతుంది.

అంటే పీపాలు కాలలేదు!

ఇంకొకటి. మన ఎండకు పీపాలో సరుకు ఏటేటా కొంత ఆవిరైపోతుంది. ఇన్నేళ్లకు అడుగున మిగిలేది కషాయమే. ఇదేమో మెత్తగా ఉంది. చల్లటి చోట పెరిగిన సరుకు. ఆమె కాళ్ల కింద కోల్డ్ స్టోరేజీ మిషన్లు గుర్రుమంటున్నాయి.

ఇక్కడే... ఈ నేల కిందే!

ఆ తర్వాత ఈ మూడో గ్లాసు.

అప్పట్లో ఏడో నంబరు పీపా మూత పుచ్చిపోయింది. పీపాలు చేసే ఓక్ చెక్క దొరకలేదు. అంచెట్టి ఊరి వడ్రంగి పనసచెక్కతో మూత వేసిచ్చాడు. ఇక చూడండి, ఆ సరుకుకు మగ్గిన పనసతొన వాసన పట్టుకుంది. మిగతా పీపాల్లో ఒక చుక్క కలిపితే అమృతం. చెంబెడు కలిపితే వాసనకు తల తిరిగిపోతుంది!

గోపాలకృష్ణది బంగారంలాంటి ముక్కు. ఒకటే లోటు. పనస వాసన తెలియదు. పక్కింట్లో పండు కోస్తే వీధంతా లొట్టలేస్తుంది, ఆయన ఒళ్లో కోసినా ఆయనకు తెలియదు! పుట్టుకతోనే అంతేనట. అందుకే ఏడో పీపా ఎప్పుడూ ఎక్కువే పోసేవాడు. "నా గుడ్డిముక్కును కొంచెం దిద్దమ్మా" అని నవ్వేవాడు. ఆమె తగ్గించేది. ఆ గుట్టు వాళ్లిద్దరికి తప్ప మూడోవాళ్లకు తెలియదు.

ఇప్పుడీ గ్లాసులో పనస భగ్గుమంటోంది. ఇరవయ్యేళ్ల సరుకు. ముక్కున్నవాడెవడూ ఇంత పొయ్యడు.

ఆ వాసన తెలియనివాడు పోస్తాడు!

గోపాలకృష్ణ బతికే ఉన్నాడు!

బతికుండి... వెచ్చగా విస్కీ కలుపుకుంటూ... నా తమ్ముడిని జైల్లో కుళ్లబెట్టాడా! ఆ పాపిష్టి మనిషికి ఏటేటా తద్దినం పెడుతున్నారే!

ఒక గుక్క నోట్లో తిప్పి, కాళ్ల దగ్గరున్న బకెట్లో ఊసి, నీళ్లు పుక్కిలించి, మొహం మామూలుగా పెట్టుకుంటుంది.

"మూడూ ఒరిజినలేనప్పా."

"సూపర్!" రక్షిత్ ముందుకు వంగుతాడు. "మూడోది ఎన్నేళ్లది మేడం?"

ఇరవై అంటే పీపాల సంగతి తెలిసిపోయినట్టే. నోరు తొందరపడుతుంది.

"ఎనిమిది."

రక్షిత్ మొహం మాడిపోతుంది. "ఎనిమిదా? నేనే చెప్తాను, ఇది ఇరవైకి తగ్గదు! సార్, మీరు చెప్పింది కూడా అదే కదా?"

చెన్నకేశవ వేరుశెనగ గింజ ఒకటి నోట్లో వేసుకొని, అంబికనే చూస్తూ నములుతాడు.

"ఇంత ముక్కు పెట్టుకొని ఎనిమిదంటివే. ఏమిటికి అబద్ధం చెప్తివమ్మా?"

వాడి చెయ్యి పళ్లెం దాటి పక్కకు జరుగుతోంది... పిస్తోలు మీదికి...

ఫట్!

కరెంటు పోయింది!

అంబిక చెయ్యి బల్లమీదికి దూకుతుంది. పిస్తోలు అందుకోవాల్సింది, మూడో సీసా అందుకుంది! ముక్కు మీద బతికినదాని బుద్ధి ఎక్కడికి పోతుంది మరి?

పరుగు!

మెట్లు. ఒకటి తప్పింది. మోకాలు గోడకు కొట్టుకుంది. అబ్బా! వెనక కుర్చీ దబ్బున పడిన చప్పుడు.

"యాడికి పోతావే! గేటు మూయండ్రా!"

రక్షిత్ ఆమెకంటే ముందే దిగి పారిపోయాడు, కారు అప్పటికే స్టార్టయింది. గేటు మూసేలోపే రోడ్డెక్కేశాడు మహానుభావుడు.

కింద కోల్డ్ రూమ్. చీకటి గుయ్యారం. మిషన్లు ఆగిపోయాయి. చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు.

కన్ను పనిచెయ్యకపోతే పోనీ... ముక్కుంది!

గులాబీలు. తడి అట్టపెట్టెలు. డీజిలు. మళ్లీ గులాబీలు... ఆగు! గులాబీల అడుగున సన్నగా ఇంకొకటి. తడిసిన ఓక్. పీపాలు వదిలే ఊపిరి!

ఎడమవైపు.

వెనక మెట్లమీద బూట్ల చప్పుడు. అంబిక అట్టపెట్టెలు తోసుకుంటూ పోతుంది. చేతికి ఇనపతలుపు తగులుతుంది. గడియ. చల్లగా, జారుడుగా... రాదు. రాదు! సీసా చంకలో ఇరికించి, రెండు చేతులతో లాగుతుంది.

వచ్చింది!

లోపల లాంతరు వెలుగు. వరసగా పీపాలు. పీపాల మధ్య చాపమీద కంబళి కప్పుకున్న మనిషి. బొడ్డుదాకా గడ్డం.

"ఎవరది?"

ఆ గొంతు!

అంబిక ఆయన చెంప ఛెళ్లుమనిపిస్తుంది.

"సచ్చిపోయినావు గదయ్యా నువ్వు! నా తమ్ముడు ఆడ జైల్లో రక్తం కక్కతా ఉండాడు, నువ్వీడ విస్కీ కలుపుకుంటా ఉండావా? నీకు మనసెట్ల ఒప్పిందయ్యా!"

ఆయన చెంప పట్టుకోడు. చెయ్యి అడ్డం పెట్టుకోడు. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి.

"వచ్చినావా అంబికమ్మా! పనస తెలిసిందా నీకు?"

"ఏమి?"

"నాకు తెలీదు గదమ్మా ఆ వాసన. అందుకే కొలత పెట్టుకొని రెండింతలు పోసినాను, నీ ముక్కుకు తగలాలని. ఆ ముక్కు ఒప్పుకుంటేనే బెంగుళూరోళ్లు కొంటారని ఈ చెన్నకేశవకు నూరిపోసింది కూడా నేనే."

రెండో దెబ్బకు లేచిన చెయ్యి అట్లాగే నిలిచిపోతుంది.

పొరపాటు కాదు... కబురు! విస్కీలో కలిపి పంపిన కబురు!

"పీపాలు వేలానికి పోతాయి, దాచుదాం రమ్మన్నాడు వాడే. వాటిమీద ప్రేమతో వచ్చినాను. కాటినుంచి శవాన్ని తెచ్చి, నా వాచీ తొడిగి కాల్చినాడని తర్వాత తెలిసింది. విఘ్నేష్‌ని పట్టుకపోయినారని విని, నేను బయటికి పోతా అంటే..."

కంబళి తొలగిస్తాడు. కుడికాలు మోకాలి దగ్గర వంకరగా అతుక్కుంది. గడ్డపారతో విరగ్గొట్టారు.

నమ్మాలా?

గడియ బయట ఉంది. బయటే కదా తను తీసింది! ఇంకేం చూడాలి?

"లేయప్పా. లేయ్! ప్యాకింగ్ షెడ్డు యాడుండాది?"

"ఆ ప్లాస్టిక్ తెర అవతలే. పన్నెండేళ్లుగా ఆడోళ్ల మాటలు నాకు వినపడతానే ఉండాయి. నా కేకే మిషన్ల మోతలో వాళ్లకు వినపడదు."

భుజంమీద ఆయన చెయ్యి వేసుకొని బయలుదేరుతుంది. మనిషిలో బరువే లేదు. గులాబీ పెట్టెల మధ్య సన్నటి దారి. ఒక అడుగు. ఒక కుంటు. ఒక అడుగు...

వెనక టార్చి వెలుగు గోడలు తడుముతోంది.

"అంబికమ్మా," చెవిలో గుసగుస. "ఎట్లుంటాదమ్మా అది? పనస వాసన?"

"ఇప్పుడా అప్పా! బయటపడినాక చెప్తాను, నడువు!"

టార్చి వాళ్లమీద పడింది.

"నిలు! కాల్చేస్తా!"

అంబిక అక్కడికక్కడే ఆగిపోతుంది. గోపాలకృష్ణ ఆగడు. ఆమె భుజం వదిలి, పెట్టెలు పట్టుకుంటూ, ఒంటికాలి మీద గెంతుతూ, తెర చీల్చుకొని షెడ్డులోకి పోతాడు.

అప్పుడే జనరేటర్ అందుకుంది.

భగ్గున దీపాలు!

నలభై మంది ఆడవాళ్లు. చేతుల్లో గులాబీలు.

ముందు వరసలో సుబ్బక్క. ఒకప్పుడు డిస్టిలరీలో సీసాలు కడిగిన మనిషి. ఆమె చేతిలో కట్ట జారి కింద పడుతుంది.

"అయ్యో దేవుడా... మేనేజరప్పా! నువ్వు కాలిపోతివి గదప్పా!"

"లేదు సుబ్బక్కా. కాలలేదు. విఘ్నేష్ నన్నేమీ చెయ్యలేదు." గడ్డం రెండు చేతులతో వెనక్కి తీసి, మొహం దీపం వెలుగులోకి ఎత్తుతాడు. "బాగా చూడండమ్మా. అందరూ చూసుకోండి!"

తెర కదిలింది. చెన్నకేశవ. చేతిలో పిస్తోలు.

"వంగప్పా! దాక్కో!" అంబిక గొంతు చించుకుంటుంది.

ఆయన వంగడు.

"దాక్కునింది చాలమ్మా."

ఢాం!

గోపాలకృష్ణ గులాబీ పెట్టెలమీద వెల్లకిలా పడిపోతాడు. అంబిక పరిగెత్తి తల ఒళ్లోకి తీసుకుంటుంది. చంకలో సీసా జారి భళ్లున పగిలింది. షెడ్డంతా గులాబీ వాసన మీద పనస వాసన కమ్ముకుంటోంది.

ఆయన ముక్కుపుటాలు అదురుతున్నాయి. వెతుకుతున్నాయి.

"తీపిగా ఉంటాదప్పా..." చెవిదగ్గర వంగి చెప్తుంది, ఏడుపు ఆపుకోలేక. "ఇల్లంతా నిండిపోతాది. దాచిపెడదామన్నా దాగదు..."

విన్నాడో లేదో. కళ్లు తెరిచే ఉన్నాయి.

చెన్నకేశవ పిస్తోలు ఎత్తి ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు. ఎంతమందిని కాలుస్తాడు? సుబ్బక్క కత్తెర పట్టుకొని ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె వెనకే ఇంకొకామె. ఆ వెనక అందరూ.

పన్నెండేళ్ల కిందట కాలిపోయిన మనిషి, నలభై మంది చూస్తుండగా, ఇప్పుడు చచ్చిపోయాడు.