తాయారు కోత

తెప్ప నెత్తి మీద నుంచి దాటిపోవడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. తాయారు కలప డిపో వాళ్ల టపా పెట్టెలు ఒక్కొక్కటీ తెరిచి, బరువు చూసి, మూత వేస్తోంది. వచ్చిన ఉత్తరాలు పదకొండు వేలు, పంపినవి తొమ్మిది వేలు. హాజరు అప్లికేషను, లారీల రాకపోకల అప్లికేషను, సెలవు చీటీల అప్లికేషను. డిపో ఇరవై ఏళ్లుగా నేల మీద పోగేసుకున్నదంతా కలిపినా తెప్పలో ఓ మూలకు చాలదు. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది.

"పంపనివి: 212. చెత్తగా వదిలేయాలా?"

నలభై రోజులుగా ఆ వేలు ఆ గడి దగ్గర ఆగుతోంది. ఆగుతోందే గాని నొక్కకుండా ఉండటం లేదు. ఇవాళా నొక్కింది.

"కలప డిపో ఎత్తిపోత పూర్తయింది. నష్టం సున్నా," అంది తూకం. బరువులు, నష్టాలు లెక్కగట్టే ఆ యంత్రానికి శాఖ వాళ్లు ఏరికోరి, కొసరి కొసరి వడ్డించే పెద్దావిడ గొంతు పెట్టారు. గోడ మీది బోర్డులో సంస్థల సంఖ్య 439కి మారింది. దాని కింద నష్టం గడిలో సున్నా తొమ్మిదేళ్లుగా కదలకుండా కూర్చుంది.

వరసగా మూడు ఉప్పెనలు వచ్చి, తీరం పొడుగునా కంపెనీల యంత్రాలు వందలకొద్దీ ఉప్పునీళ్లు తాగి చచ్చాక, నేల మీద ఎవరూ ఒక్క ఉత్తరం ముక్క కూడా దాచుకోకూడదని చట్టం తెచ్చారు. అప్పటి నుంచి ఒక్కో సంస్థనూ వరసగా మబ్బులోకి ఎక్కిస్తున్నారు. ఆ మబ్బు యంత్రాలను మోస్తూ ఇరవై కిలోమీటర్ల ఎత్తున సముద్రం మీదుగా తిరిగే తెప్పలు విశాఖ మీదికి రోజుకు మూడుసార్లు వస్తాయి, పావుగంట ఉంటాయి. విడి ఉత్తరాలు ఎప్పుడైనా వెళ్తాయి, వస్తాయి గాని, పాత బరువంతా ఆ పావుగంటలో ఎక్కిందే ఎక్కినట్టు. అందుకే ఎత్తిపోత శాఖలో బరువు తగ్గించిన వాళ్లే మొనగాళ్లు. "మనుషులు రాసి పంపకుండా వదిలేసినవాటిని ఎవరడుగుతారండీ, మోసుకుపోవడం ఎందుకు?" అని తొమ్మిదేళ్ల కిందట ఒక మీటింగులో అన్నది తాయారే. బరువు ఏడో వంతు తగ్గింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పద్ధతికి తాయారు కోత అని పేరు పెట్టి, కొత్తగా చేరిన వాళ్లకు పాఠంలో కూడా చెప్తున్నారు. అప్పట్లో ఆ పేరు వింటే ఒళ్లు పొంగేది. ఇప్పుడు వింటే చెవులు మూసుకోవాలనిపిస్తోంది.

"నాలుగు గంటలకు ఒక నేలఖాళీ ఉంది," అంది తూకం. "సాగరతార శీతల గిడ్డంగి, భీమిలి. పాత యంత్రానికి నలభై రోజుల గడువు తీరుతుంది. మీ వేలిముద్ర పడితే పిండి చేస్తారు."

"తెలుసు."

"గుర్తు చేయడం నా విధి."

"తెలుసన్నానుగా!" అని అరిచింది తాయారు. యంత్రం మీద అరిచి ఏం లాభం? దానికి సిగ్గూ లేదు, కోపమూ లేదు.

సాగరతారలో చేపలు, రొయ్యలు గడ్డకట్టిస్తారు. మూడు షిఫ్టులకూ కలిపి ఒకటే టపా పెట్టె. ఏ ఉత్తరం పంపినా దాని నకలు హెడ్డాఫీసుకి పోయేది, పోయిన మరుక్షణం అక్కడి నుంచి సంజాయిషీ అడిగేవాళ్లు. దాంతో గిడ్డంగి వాళ్లొక ఉపాయం కనిపెట్టారు. రాసినదాన్ని పంపరు. పంపనివాటిలోనే ఉంచేస్తారు. తరువాతి షిఫ్టు వాళ్లు తెరిచి చదువుకుని, తమదీ అక్కడే రాసిపెడతారు. రాత్రి వాళ్లను దింపిన వ్యానే పొద్దుటివాళ్లను తేవాలి గనక ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పదకొండేళ్లుగా ఆ గిడ్డంగి అలాగే నడిచింది. రాత ఏమీ లేదంటే అంతా బాగున్నట్టే లెక్క. ఈ సంగతి పైవాళ్లకు చెప్పేటంత వెర్రివాళ్లు అక్కడెవరూ లేరు.

నలభై రోజుల కిందట, సాగరతార ఎత్తిపోత రోజున, తెప్ప పొద్దున ఆరింటికి ముందే వచ్చింది. సాగరతార పెట్టెలో పంపనివి నాలుగువేల పదహారు. అన్ని ఎలా ఉన్నాయా అని తాయారు అన్నిటికన్నా పైనున్నది తెరవబోయింది. మొదటి వరస కనబడింది: "టీ పొడి తెచ్చి అలమారాలో ఎట్టినాను." నవ్వొచ్చింది. తెప్ప కదిలిపోయేందుకు మూడు నిమిషాలే ఉంది. గడి నొక్కేసింది.

ఆరున్నరకు సింహాద్రి అనే పొద్దుటి షిఫ్టతను మబ్బులో కొత్త పెట్టె తెరిచి, రాత ఏమీ లేదు గనక అంతా బాగుందనుకుని, మూడో నంబరు వాల్వు తిప్పాడు. అమ్మోనియా మొహం మీద కొట్టింది. రెండు కళ్లూ పోయాయి.

రాత్రి షిఫ్టు పైడిరాజు తాను రాసిపెట్టానన్నాడు. పెట్టెలో లేదు. మబ్బు చెప్పిందే సాక్ష్యం. వారం తిరక్కుండా అతను ఎత్తిపోత శాఖకు వచ్చి తాయారునే అడిగాడు. "పైన ఏమీ లేదండీ. ఎక్కించాల్సినవన్నీ ఎక్కించాం," అని చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కింద గోదాములో పాత యంత్రం ఉందని చెప్పలేదంతే. అది తెరిచి ఆ ఉత్తరంలో రెండో వరస ఉందో లేదో చూసే ధైర్యం కూడా ఆమెకు లేకపోయింది. లేదని తేలితే బతికిపోతుంది. ఉంటే?

ఇవాళ ఒంటిగంటన్నరకు పైడిరాజు మళ్లీ వచ్చాడు. యాభై దాటిన మనిషి, నలభై రోజుల్లో ఇంకో పదేళ్లు మీదేసుకున్నాడు. ఉతికిన చొక్కా, నీళ్లు రాసి దువ్విన తల. బల్ల ఎదురుగా నిలబడ్డాడేగాని కూర్చోలేదు.

"కూర్చోండి పైడిరాజు గారూ."

"ఒద్దు తల్లీ. మూడింటికి ఇసారన. బేగి ఎల్లిపోవాల. నాకొక కాయితం ముక్క కావాల."

"ఏం కాయితం?"

"ఆ ఉత్తరం నేదని రాసి ఇయ్యి."

తాయారు తల ఎత్తింది. "లేదనా?"

"అవును మరి. ఇన్నాల్లూ రాసినాను, రాసినాను అని అందరి మీదా పడి ఏడిసినాను. ఏటో తల్లీ, ఆలోసిస్తే నాకే అనుమానం వొచ్చెస్తంది. రోజూ రాసీవోడిని. ఆ పొద్దూ రాసీసినానని అనుకున్నానేమో. నిద్దర మత్తులో రాయకుండానే ఎల్లిపోనానేమో. మీ మిసను ఒక్కటీ పోనేదంటంది. మిసనుకి అబద్దం ఆడాల్సిన పనేటుంది?"

"ఆ కాయితంతో ఏం చేస్తారు?"

"ఇయ్యాల సింహాద్రి కూడా వొస్తాడు. కూతురు సెయ్యి పట్టుకుని తెస్తాది. నీ కల్లు నానే తీసేసినాను బాబూ అని ఆడి కాల్ల మీద పడి ఒప్పేసుకుంటాను. పని పోతే పోనీ. ఆడు నన్ను నమ్మాలా, మానాలా తెలీక నలిగిపోతన్నాడు. ఆ కాయితం సూపిస్తే ఆడికీ ఒక దారి దొరుకుద్ది."

ఈ మనిషి తిట్టడానికి వచ్చి ఉంటే ఎంత బాగుండేది! కాలర్ పట్టుకుని అడిగినా బాగుండేది. చేశాడో లేదో తేలని తప్పు నెత్తినేసుకోవడానికి రుజువు కోసం వచ్చాడు, ఆ రుజువు తన చేత్తోనే ఇమ్మంటున్నాడు.

"ఒక్క పది నిమిషాలు కూర్చోండి," అంది. ఈసారి అతను కూర్చున్నాడు.

గోదాములో గడువు తీరని యంత్రాలు పన్నెండు. సాగరతారది గుమ్మం పక్కనే, ఎర్ర చీటీతో. తాయారు తీగ తగిలించింది. గడువులో ఉన్న యంత్రాన్ని వెలిగించడం చట్టప్రకారం నేరం. ఆ వాక్యం రాసిన వాళ్లలో ఆమె కూడా ఉంది.

"తాయారు గారూ, గోదాములో ఒక యంత్రం వెలిగింది. పొరపాటా?" అంది తూకం.

"కాదు."

తెర మీద మొదటి వరస అలాగే ఉంది, టీ పొడి, అలమారా. దాని కింద:

"మూడో నంబరు వాల్వు మర జారతంది. ఎవులూ ముట్టకండి. ఫిట్టరు వొచ్చీదాకా పక్క లైను మీద నడపండి. సింహాద్రీ, నీకే సెప్తన్నాను, ఆత్రపడకు. పైడిరాజు, ఐదు నలబై."

ఒక్క వరస. ఇంకొక్క వరస చదివి ఉంటే చాలు. మూడు నిమిషాలుంది ఆ రోజు, చదవడానికి మూడు క్షణాలు పట్టేది. ఏడుపు రాలేదు. తన మీద తనకు అసహ్యం వేసింది.

ఉత్తరానికి చిరునామా లేదు, ఎవరికీ పంపాలని రాసింది కాదు గదా. తాయారు గడి నింపడం మొదలుపెట్టింది. విచారణ సంఘం. పైడిరాజు. సింహాద్రి. సాగరతార హెడ్డాఫీసు. ఎత్తిపోత శాఖ. కింద తన మాటగా రాసింది: "ఈ ఉత్తరం ఆ రోజు పెట్టెలోనే ఉంది. మొదటి వరస చదివి, చెత్త అనుకుని వదిలేసింది నేను. తరువాత అడిగితే దాచిందీ నేనే. కోరాడ మంగతాయారు."

పంపు అన్న మీట నొక్కింది. తొమ్మిదేళ్లలో గోదాము యంత్రం నుంచి మబ్బుకు వెళ్లిన మొదటి ఉత్తరం అది.

"నేల నుంచి ఉత్తరం వచ్చింది," అంది తూకం. "సాగరతార నష్టం సున్నా కాదు. నాలుగువేల పదహారు. మిగతా సంస్థలవి కూడా మళ్లీ లెక్కించాలి. గోదాములో ఉన్నవి లెక్కించగలను. నాలుగువందల ఇరవై ఏడు సంస్థల యంత్రాలు పిండి అయ్యాయి. వాటిలో పంపనివి ఎన్నో, ఏముందో తెలియదు."

"తెలియదని రాయి."

"ఆ గడిలో అంకె మాత్రమే పడుతుంది."

"అయితే ఖాళీగా వదిలెయ్."

"గడి ఖాళీగా ఉంటే ఎత్తిపోతలు జరగవు. ఎక్కడా జరగవు."

"జరక్కపోనీ," అంది తాయారు.

మెట్లెక్కి పైకి వచ్చేసరికి గోడ మీద సున్నా లేదు. పక్క గదుల్లో ఫోన్లు మోగుతున్నాయి, ఎవరో పెద్దగా ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారు. పైడిరాజు మాత్రం కుర్చీలో కదలకుండా, ఫోనును కళ్లకు దగ్గరగా పట్టుకుని పెదవులు కదిలిస్తూ చదువుకుంటున్నాడు. చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వెళ్లాడు.

"రాసినాను," అన్నాడు నెమ్మదిగా. "నానే రాసినాను." తరువాత తల ఎత్తి ఆమెకేసి చూశాడు. "ఆ మద్దెన నానొచ్చి అడిగినప్పుడు ఇది ఇక్కడే ఉందా తల్లీ?"

"ఉందండి. ఈ గది కిందే."

అతను తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. ఆ రెండోది ఆమె ఆశించలేదు కూడా. ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"సింహాద్రికి కూడా పంపినావు. ఆడికెవులు సదువుతారు?"

ఫోనే చదివి వినిపిస్తుందని ఇద్దరికీ తెలుసు. తాయారు మేజా మీది చేతిసంచీ తీసుకుంది.

"నేను చదువుతాను," అంది. "పదండి."

"తాయారు గారూ, సాగరతార నేలఖాళీకి మీ వేలిముద్ర ఇంకా పడలేదు," అంది వెనక నుంచి తూకం, అదే కొసరి వడ్డించే గొంతుతో.