కానుగ చెక్కలో తరుగు

ఉదయం పదింటికి, వాయువు కేంద్రం నడిపే కుళ్ళాయప్ప మీటరు చూశాడు. జీవవాయువు మళ్లీ తగ్గింది. ఊళ్లో పొయ్యిలు, ఆసుపత్రి దీపాలు, బోరు మోటార్లు అన్నీ దాని మీదే నడుస్తాయి. నలభై రోజులుగా అతనికి సెలవు లేదు. కళ్లు మండుతున్నాయి.

కదిరి చుట్టుపక్కల చేలన్నీ ఇప్పుడు కానుగ తోటలే. గింజల నూనెతో బండ్లు తిరుగుతాయి. నూనె తీశాక మిగిలే చెక్క గట్టిది, చేదుది. వాయువు పుట్టించే సూక్ష్మజీవులు దాన్ని తొందరగా అరిగించుకోలేవు. అందుకే మృదుకారిణి వచ్చింది. ఆ యంత్రం చెక్కను సున్నపు నీటిలో నానబెట్టి, ఆవిరిలో ఉడికించి, ఒకసారి కడిగి మెత్తటి ముద్దగా వదులుతుంది. ఆ ముద్దతో వాయువు రెట్టింపయింది.

గొట్టాలన్నీ వెతికాడు. ఎక్కడా లీకు లేదు. తూకం వేస్తే తెలిసింది, రోజూ రెండు బస్తాల ముద్ద వాయువు తొట్టెకు చేరడం లేదు. దాన్ని తొట్టెలోకి తోసే పని ఓబులమ్మది.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాడు.

"ముద్ద ఎనుముకు పెడ్తాండావా అత్తా?"

"ఎనుమా? అది సచ్చి ఆర్నెల్లాయ కదరా అబ్బీ." ఓబులమ్మ పెనం మీది నల్లటి రొట్టె చూపించింది. "రైల్లో జొన్నలొస్తాయంటిరి. నెలన్నరాయ. చేతిలో కూలి దుడ్లుండాయి, అంగట్లో గింజ లేదు. ఈ వీధిలో పన్నెండిండ్లోళ్లం ఇదే తింటాండాము."

"అది మనుషులు తినేది కాదు!"

"ముందుండే చేదు లేదు. మెత్తగుంది. మంచిగా జేసినార్రా మీరు."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. కుళ్ళాయప్ప ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. సున్నం గొంతులో మండింది.

"పిల్లోళ్లకు గూడా కడుపులు మండుతాండాయి" అంది ఓబులమ్మ మెల్లగా.

ఆ సాయంత్రమే అతడు ఇంధన మండలికి ఉన్నదున్నట్టు రాశాడు. జనం ఆకలితో ముద్ద తింటున్నారు, ధాన్యం పంపండి అని.

అయిదో రోజున మండలి బండి వచ్చింది. అందులో నాలుగు డ్రమ్ములున్నాయి, ఒక ఉత్తరం ఉంది. డ్రమ్ముల్లోని ద్రవాన్ని ముద్దలో కలపాలట. సూక్ష్మజీవులకు హాని లేదు, మనిషి మాత్రం నోట పెట్టలేనంత చేదు. ధాన్యం ఊసే లేదు.

ఉత్తరం చదివి వినిపిస్తే ఓబులమ్మ డ్రమ్ముల వైపు చూసింది. "ఎప్పుడు కలుపుతావు?"

అతడికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. డ్రమ్ములను ఒక్కొక్కటే షెడ్డు వెనక్కి దొర్లించాడు. తిరిగొచ్చి మృదుకారిణి నీటి కవాటం తిప్పాడు. కడిగిన ముద్ద మీదికి మళ్లీ నీళ్లు దూకాయి.

"రెండోసారి కడిగితే సారం కొట్టుకుపోయి వాయువు ఇంకా పడిపోదా?" అడిగిందామె.

"పడిపోతాది. సున్నం గూడా పోతాది." అతడు వంగి ముద్ద వాసన చూశాడు. "ఇప్పుడెన్ని ఇండ్లోళ్లు తింటాండారు?"

"నిన్నటికి ముప్పై."

కుళ్ళాయప్ప కవాటాన్ని పూర్తిగా తెరిచాడు.