మెట్టుకీ మెట్టుకీ మధ్య

రండర్రా, దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రండి, నా గొంతు పెద్దది కాదు. ఒకరి మోకాలు ఒకరికి తగిలినా ఫరవాలేదు. కాసేపయ్యాక ఎవరైనా తగులుతూ ఉంటేనే బాగుంటుంది.

ఒక ఫొటో స్టూడియో ఉండేది. ముందుగదిలో భర్త ఫొటోలు తీసేవాడు. వెనకగదిలో భార్య వాటిని కంప్యూటరులో దిద్దేది. అందరూ ఆవిడని దిద్దుడక్క అనేవారు. మొటిమలు చెరిపేది, మూతపడ్డ కళ్ళు తెరిపించేది, ముడతలు సాపు చేసేది. వెనకగదికి కిటికీ లేదు. బయటి వెలుతురు పడితే తెరమీద రంగులు తప్పుగా కనబడతాయి కదా, అందుకని. గోడలకి బూడిదరంగు. మూలన ఒక చిన్న దీపం. పట్టపగలు కూడా అక్కడ మసకమసకే. వేడెక్కిన వైర్ల వాసన, కంప్యూటరు ఫ్యాను సన్నటి రొద.

"ఏమే, పెళ్ళికొడుకు ముక్కు మరీ చెక్కేశావు. ఇంటికెళితే వాళ్ళమ్మ, ఎవరు బాబూ నువ్వు అంటుంది," అనేవాడు ఆయన గుమ్మంలో నిలబడి.

"మీరు తీసినట్టే వదిలేస్తే ఆ మాట పెళ్ళికూతురే అనేది," అనేదావిడ తల తిప్పకుండా.

అలా నవ్వుకుంటూ బతికే ఇల్లు. కాని దిద్దుడక్కకి లోపల ఒక దిగులుండేది. ఆవిడ చెల్లెలు జ్వరంతో పోయింది. ఆ పిల్లకి ఫొటో అంటే తగని సిగ్గు, కెమెరా ఎత్తితే చాలు చేతులడ్డం పెట్టుకునేది. ఊరందరి మొహాలూ దిద్దే మనిషి దగ్గర సొంత చెల్లెలి మొహం లేదు. ఉన్నదల్లా ఒక్క ఫొటో. కరెంటు పోయినప్పుడు, "ఇప్పుడు తీసుకో బావా, చూద్దాం" అని ఆ పిల్ల వేళాకోళమాడితే ఆయన నొక్కినది. తెర మీద పెడితే అది ఉత్త నల్లపలక. రోజులు గడిచేకొద్దీ చెల్లెలి మొహం అక్క మనసులో కూడా చెరిగిపోతోంది. ముక్కు ఎలా ఉండేదో అప్పుడే గుర్తులేదు. ఒక్కసారి చూస్తే చాలు, మళ్ళీ మరిచిపోను అనుకునేది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లున్నాయనుకోండి. మామూలు తెరకి రెండువందల యాభయ్యారు మెట్లు. దాన్ని ఎనిమిది బిట్ల తెర అంటారు. పది బిట్లదైతే మెట్లు వెయ్యి దాటతాయి. మెట్లు తక్కువైతే, రెండింటి మధ్య ఉన్నదాన్నంతా ఒకే మెట్టు మీదకి తోసేయాల్సిందే. కెమెరా మాత్రం తెరకన్నా ఎక్కువ మెట్లు చూస్తుంది. అంటే చెల్లెలు ఆ ఫొటోలో ఉంది. నిలబడటానికి తెర మీద మెట్టే లేదు.

కంప్యూటరుకీ తెరకీ మధ్య డ్రైవరని ఒకడుంటాడు. నవ్వకండర్రా, బస్సు తోలేవాడు కాదు, అదొక ప్రోగ్రాము. "నీకెన్ని మెట్లున్నాయి?" అని తెరనడిగి కంప్యూటరుకి చెప్పేది వాడే. వాడి మాట నమ్మడం తప్ప కంప్యూటరుకి వేరే దారి లేదు. ఒక్కోసారి వాడు ఇటు పది అని చెప్పి, అటు ఎనిమిదే పంపి, లేని మెట్లు ఉన్నట్టు కనబడేలా చుక్కలు చల్లి మాయ చేస్తాడు. ఎవరికీ తెలీదు.

దిద్దుడక్క పది బిట్ల తెర తెప్పించుకుంది. ఒక మధ్యాహ్నం, ముందుగదిలో జనం లేని వేళ, డ్రైవరు సెట్టింగుల్లోకి వెళ్ళి ఎనిమిదిని పది చేసింది. చెల్లెలి ఫొటో తెరిచింది.

నలుపులో సన్నగా ఒక భుజం అంచు.

"ఏమండీ! ఒకసారి ఇలా రండి!"

"టీ కలుపుతున్నానే, వస్తున్నా!"

ఆవిడ కళ్ళు తుడుచుకుని మళ్ళీ సెట్టింగులు చూసింది. పది కింద పన్నెండు కూడా ఉంది. తెర వచ్చిన పెట్టె మీద పది అనే రాసుంది, మరి ఈ పన్నెండు ఎక్కణ్ణుంచి వచ్చింది? డ్రైవరు అబద్ధమాడుతున్నాడని ఆవిడకి తెలుసు. అయినా నొక్కింది. మీరైతే నొక్కరా?

తెర ఆరి, వెలిగింది. మెడ కనబడింది. జడ కనబడింది. మొహం ఇంకా మసకే.

కన్ను చెమర్చి పక్కకి చూసినప్పుడు గోడ ఎందుకో తేడాగా అనిపించింది. దీపం దగ్గర తెల్లగా మొదలై మూలకి వెళ్ళేసరికి నెమ్మదిగా నల్లబడే గోడ... ఇప్పుడు పట్టీలు పట్టీలుగా ఉంది. ఒక పట్టీ అయ్యాక ఇంకో పట్టీ. మధ్యలో ఏమీ లేదు. కళ్ళు అలిసిపోయాయిలే అనుకుంది.

పన్నెండు కింద పద్నాలుగు వచ్చింది. నొక్కింది.

చెల్లెలు.

అదే ముక్కు. అదే పెదవి. దిద్దుడక్కకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తెరని చేత్తో తడిమింది. అప్పుడు గమనించింది... చెల్లెలు సిగ్గుపడటం లేదు. అరచెయ్యి ముందుకి చాచి ఉంది, ఎవరినో ఆపుతున్నట్టు. చూపు అక్క మీద లేదు. అక్క భుజం వెనక్కి ఉంది.

తలుపు చప్పుడైంది.

"దీపం పెంచుకోవచ్చుగా, ఏమిటే ఈ చీకటి?"

ఆవిడ తిరిగి చూసింది. గొంతు ఆయనదే. మొహం మాత్రం రంగుకాగితాలు కత్తిరించి అతికించినట్టు ముక్కలు ముక్కలుగా ఉంది. నుదురొక ముక్క, చెంపొక ముక్క. కంటికీ నీడకీ తేడా లేదు.

ఆయన చేతిలో కప్పు జారి కింద పడింది. "ఏమైందే... నీ మొహానికి?"

అప్పుడు ఆవిడకి అర్థమైంది. తెరకి వచ్చిన మెట్లు ఈ గదిలోంచే తగ్గుతున్నాయని అర్థమైంది.

చెల్లెల్ని ఇంకొక్క క్షణం చూసింది. పళ్ళు బిగించి ఎనిమిది నొక్కింది.

'ఎనిమిది' అని చూపించాడు డ్రైవరు. చెల్లెలు చెక్కుచెదరలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎనిమిదే అన్నాడు. గోడ మీద పట్టీలు నాలుగయ్యాయి. తర్వాత మూడు. తెరకి వెళ్ళే వైరు పట్టుకుని లాగేసింది. వైరు చేతిలోకి వచ్చింది. తెర ఆరలేదు.

గదిలో ఇక తెలుపూ నలుపూ రెండే మిగిలాయి. ఆయన గాభరాగా ఆవిడ వైపు అడుగేశాడు. దీపం వెలుగు దాటాడు. అంతే... కనబడలేదు. చీకట్లో మనిషి ఆకారం తెలియాలంటే చీకటికన్నా పిసరంత తక్కువ నలుపు ఉండాలి కదా. అది లేదు.

"ఏమండీ..."

"ఇక్కడే ఉన్నానే."

"చెయ్యి ఇవ్వండి... చెయ్యి..."

చీకట్లోకి చెయ్యి చాపింది. ఒక చెయ్యి దొరికింది. గట్టిగా పట్టుకుంది. ఊపిరి వదిలింది.

గదికి అటు మూల నుంచి ఆయన గొంతు వచ్చింది. "ఎక్కడున్నావే? నాకేమీ తగలడం లేదు..."

ఆవిడ తెర వైపు చూసింది. చెల్లెలి చూపు కదిలింది. భుజం వెనక నుంచి... మెల్లగా... అక్క చెయ్యి ఉన్న చోటికి. చెల్లెలి చాచిన అరచెయ్యి కిందికి వాలిపోయింది.

మర్నాడు పక్కకొట్టువాళ్ళు తలుపు తోసి చూశారు. గదిలో ఎవరూ లేరు. గోడ దీపం దగ్గర తెల్లగా మొదలై మూలకి వెళ్ళేసరికి మెత్తగా నల్లబడుతోంది. కింద పడ్డ టీ ఎండిపోయింది. వైరు ఊడిన తెర నల్లగా, చల్లగా ఉంది. కంప్యూటరులో ఏమైనా ఆచూకీ దొరుకుతుందేమోనని ఒక మెకానిక్ తన తెర తెచ్చి తగిలించాడు. చెల్లెలి ఫొటో ఉత్త నలుపే. డ్రైవరు సెట్టింగులు తెరిచాడు. రెండు తెరలున్నాయని చూపిస్తోంది. మొదటిది తను తెచ్చినది, ఎనిమిది బిట్లది. రెండోది ఎన్ని బిట్లో రాయలేదు. 'వాడుకలో ఉంది' అని మాత్రం ఉంది.

మెకానిక్ వంగి కంప్యూటరు వెనక చూశాడు. తెరకి వెళ్ళే వైరు ఒక్కటే ఉంది.

ఇక లేవండర్రా, పొద్దుపోయింది. అన్నాలు చల్లారిపోతాయి. ఇళ్ళకెళ్ళి తినండి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెళ్ళండి... ఆగండి. పట్టుకునే ముందు, అది ఎవరి చెయ్యో చూసుకుని మరీ పట్టుకోండి.