అట్టకు రెండో వైపు

దగ్గరికి రండర్రా, ఇంకా ముందుకొచ్చి కూర్చోండి. నాజియా, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకో.

చీరాలలో అష్రఫ్ అని నాకో స్నేహితుడు. పొలాల బొమ్మలు వేసేవాడు. రంగులన్నీ ఇంటి దగ్గరే. చేలోకి వస్తే మాత్రం సిరాబుడ్డి, వెదురు కలం, అది చెక్కే చాకు, నాలుగు అట్టముక్కలు. గబగబా గీసేసి, వాటిని చూసుకుంటూ ఇంటి దగ్గర పెద్ద బొమ్మ వేసేవాడు. "ఫోటో తీసుకోవచ్చుగా" అంటే నవ్వేవాడు.

"నిదానిస్తే బుర్ర అబద్ధాలు చెబుతుంది మాస్టారూ. వేగంగా గీస్తే చెయ్యి ఉన్నదే గీస్తుంది."

పిసినారి. ప్రతి అట్టకూ రెండు వైపులా గీసేవాడు.

పోయినేడు మిరప కోతలప్పుడు భార్య షాహిస్తాతో మా చేనికి వచ్చాడు. పొద్దు వాలుతోంది. కళ్ళంలో ఆరబోసిన కాయల ఘాటుకు ముగ్గురికీ తుమ్ములే. బస్తా మీద కూర్చున్న షాహిస్తాను గీశాడు.

"ఇంత పొడుగు ముక్కా? ఇది నేనా, మీ అమ్మా?" అని నవ్వి, ఆమె మొహం కడుక్కోవడానికి బోరు దగ్గరికి పోయింది.

అతను అట్ట తిప్పి చేను గీయసాగాడు. గట్టు. బోరు. దాని దగ్గర షాహిస్తా. కొడవలి పట్టిన దిష్టిబొమ్మ.

కలం ఆగింది.

"మాస్టారూ... దిష్టిబొమ్మ ఎక్కడుంది?"

"చేను మధ్యలో, గుంజకు కట్టి ఉంటుంది గదా."

"మరి నేనిక్కడ గీశానేంటి?"

అట్ట మీద అది షాహిస్తా వెనకే ఉంది. కొడవలి ఎత్తి పట్టుకుని. నేను తలెత్తి చూశాను. చేను మధ్యలో గుంజ ఖాళీ. బోరు దగ్గర ఆమె ఒక్కతే వంగి ఉంది. ఎక్కడిదో కుళ్ళిన గడ్డి వాసన.

"షాహిస్తా! పరిగెత్తు!"

అష్రఫ్ అరిచినా నీళ్ళ హోరులో ఆమెకు వినపడలేదు. మెడ మీద జుట్టు కదిలింది... గాలి లేదు.

సిరా చెరపడానికి రాదు. అష్రఫ్ చాకు లాగి, అట్ట మీది దిష్టిబొమ్మను పొడిచాడు. మళ్ళీ... మళ్ళీ... మొన అవతలికి దిగబడేదాకా.

కేక. ఆడగొంతు.

అట్ట తిప్పాడు. బస్తా మీద నవ్వుతున్న షాహిస్తా. పోట్లన్నీ ఆమె గుండెల్లోంచే.

మేం చేరేసరికి బోరు నీళ్ళు పారే కాలవంతా ఎరుపు. ఆమె ఛాతీ నిండా కత్తిపోట్లు. దిష్టిబొమ్మ మళ్ళీ గుంజ మీదే ఉంది. దాని గడ్డిపోచ ఒక్కటీ చెదరలేదు.

ఆ తర్వాత అష్రఫ్ కలం పట్టలేదు. అట్ట నా బీరువాలో ఉంది. ఇందాకే తీసి చూశాను. గట్టుంది, బోరుంది, షాహిస్తా ఉంది. ఆమె వెనక మాత్రం... చిల్లుల చుట్టూ తెల్లటి అట్టే. సిరా చెరగదు గదా?

లేవండి, అన్నాలు చల్లారిపోతున్నాయి. గట్టు మీద నుంచి వద్దు, తారురోడ్డున పొండి. ఒరేయ్ జయదేవ్, గడ్డి కుళ్ళిన వాసన ఎక్కణ్ణించని అడక్కు. పోయి తిను.