పిలుపుల గుండు

దేవరకొండ దాటి మెట్ట చేలల్లోకి దిగితే తంగేడు పొదల వెనక ఒక రాతిగుట్ట కనిపిస్తుంది. దాన్ని పిలుపుల గుండు అంటారు. పగలు చూస్తే భయపడాల్సింది ఏమీ లేదు – ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బండలు, నడుమ సందులు, సందుల్లో నాలుగు సీతాఫలం చెట్లు. పొద్దు గూకాక మాత్రం అటు మొహం పెట్టి పడుకునేవాడు కూడా ఆ చుట్టుపక్కల లేడు.

ఎందుకంటే... ఆ గుండు పిలుస్తుంది.

ఎవరి గొంతో ఎవరికీ తెలియదు. ఆడమనిషి అని కొందరు, ముసలాయన అని కొందరు. చూసినవాడు లేడు గనక ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఒక్క విషయంలో మాత్రం ఊరంతా ఒకటే మాట – అది పిలిస్తే పలకొద్దు. పలికినవాడు తెల్లారి మందలో ఉండడు.

గొర్లకాపరులకు ఇది మామూలు కష్టం కాదు. వాళ్ల బతుకే పలకడం. కోతలయ్యాక ఎరువు కోసం చేలల్లో మందలు పెడతారు కదా, చీకటి పడగానే ఒక కాపరి "ఓ... హో..." అని కూత వేస్తాడు. పక్క చేనివాడు అందుకుంటాడు. ఆ పక్కవాడు అందుకుంటాడు. అందరూ క్షేమమని తెలిశాకే ఎవరైనా నడుం వాల్చేది. కూత విని పలకకపోతే వాడితో మాటలే బంద్. ఆ ఒక్క గుండుకు మాత్రం పలకొద్దు.

ఆ కాపరుల్లో ఒకడైన కురుమయ్యకు ఈ కట్టడి వాళ్ల నాయిన నేర్పాడు. గుట్ట మీంచి కూత రాగానే కొడుకు చెవుల మీద గొంగడి కప్పేవాడట. యాభై దాటినా కురుమయ్య చేయి ఆ వేళకు గొంగడి మీదికే పోయేది.

అలాంటి గుట్టను ఇష్టపడి ఎక్కే మనిషి ఒకతె తయారైంది. పేరు ప్రణీత. చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో పని. సెలవు దొరికితే చాలు, స్కూటీ మీద వచ్చి, మెడకు బైనాక్యులర్ తగిలించుకుని పైకి పోయేది. అక్కడ బండల నడుమ కొమ్ముల గుడ్లగూబ పిల్లలు చేసింది. దాని మొహం చూడటమే అపశకునమని లోకం కళ్లు మూసుకుంటుంటే, పిల్లలకు రెక్కలొచ్చాయా లేదా అని ఈమెకు బెంగ! ఊళ్లో 'పిట్టల బిడ్డ' అని పేరు పెట్టి నవ్వుకున్నారు.

కురుమయ్య కూడా మొదట్లో నవ్వాడు. తర్వాత మానేశాడు. ఆమె మేకల బాట పట్టుకుని నడిచే తీరు, కదలకుండా గంటలకొద్దీ కూర్చునే ఓపిక అతనికి నచ్చాయి. ఏ బండ కాలు పెడితే ఊగుతుందో, ఎలుగు ఏ సందులో పడుకుంటుందో చెప్పాడు. వాగు ఇసుకలో చెలిమె తీసి నీళ్లు తాగడం చూపించాడు. గుట్ట మీద ఫోను అందదు గనక కూత వేయడం కూడా నేర్పాడు.

"గట్ల కాదు బిడ్డా. పొట్టలకెల్లి రావాలె. ఓ... హో..."

ఆమె వేస్తే నక్క దగ్గినట్టు వచ్చింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

పిల్లలు లేని కురుమయ్యకు ఆదివారాల మీద ఆశ పుట్టింది. ఆ సంగతి భార్యకు కూడా చెప్పుకోలేదు.

మాఘమాసం చివర్లో ఒక ఆదివారం. మధ్యాహ్నం ప్రణీత గుట్టెక్కుతుంటే కురుమయ్య కింది నుంచి అరిచాడు. "పొద్దుండంగనే దిగు బిడ్డా!"

"దిగుత కాకా!"

పొద్దు గూకింది. మందలు కుదురుకున్నాయి. తూర్పు చేను నుంచి ఒక కూత, చెరువు అలుగు నుంచి ఒకటి, అవతలి దిబ్బ నుంచి ఇంకొకటి. కురుమయ్య తన వంతు పలికాడు. అంతా సద్దుమణిగింది.

అప్పుడు... గుట్ట మీంచి వచ్చింది.

"ఓ... హో..."

గొర్లు నెమరేయడం ఆపాయి. కుక్క మొరగలేదు – పొట్ట నేలకు ఆనించి ముడుచుకుంది. కురుమయ్య చేయి గొంగడి మీదికి పోయింది.

"పలుకకు బావా..." పక్కనున్న బామ్మర్ది బాలయ్య గుసగుసలాడాడు.

కురుమయ్య వినడం లేదు. తంగేడు పొదల దగ్గర ఏదో మెరుస్తోంది. చూశాడు. స్కూటీ అద్దం.

"గా పిల్ల దిగలేదురా."

"ఊర్లకు పోయిందేమో."

"బండి ఇడిచిపెట్టా?"

కూత మళ్లీ వచ్చింది. పొట్టలోంచి వచ్చిన కూత, నిండు కూత.

ఆ పిల్లకు అంత బాగా రాదే! కానీ ప్రాణం మీదికొస్తే రాకుండా ఉంటుందా?

"అది మన మనుషుల ఆశ చూపెట్టే పిలుస్తది బావా. పలికితివా... రేపు నువ్వు మాకుండవు."

ఇందులో దాచేదేముంది, కురుమయ్య నిజంగానే భయపడ్డాడు. పలికితే తను పోతాడు. పలకకపోతే, పైన ఉన్నది ఆ పిల్లే అయితే, ఎలుగు బయటికొచ్చే వేళకు ఆమె పోతుంది.

ఇంకోసారి వచ్చింది. ఈసారి సన్నగా... చివర విరిగిపోయి...

అలసిపోయిన గొంతు అది. దెయ్యాలు అలసిపోతాయా?

కురుమయ్య లేచాడు. గొంగడి కింద పడిపోయింది.

"ఓ... హో...!"

బాలయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కురుమయ్య టార్చి, కర్ర అందుకుని గుట్ట వైపు పరుగెత్తాడు.

అతను కూత వేస్తే పైనుంచి పలుకు వచ్చింది. మళ్లీ వేస్తే మళ్లీ వచ్చింది. ముళ్లకు పంచె చిరిగింది, మోకాళ్లు కొట్టుకుపోయాయి. తల మీదుగా గుడ్లగూబ ఒకటి చప్పుడు లేకుండా దాటిపోయింది. కూత దగ్గరైంది... ఇంకా దగ్గరైంది... పెద్ద గుండు మలుపు తిరగగానే ఆగిపోయింది.

ప్రణీత అక్కడే ఉంది. బండకు ఆనుకుని కూర్చుంది. కుడికాలు మోకాలి దాకా సందులో దిగబడిపోయింది.

కురుమయ్య గబగబా కర్రను సందులో దూర్చి, చిన్న బండను ఎత్తి పట్టి, కాలు బయటికి లాగాడు. నెత్తురు కారుతోంది గానీ ఎముక విరగలేదు. అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఎంత మంచిగ నేర్సుకున్నవే బిడ్డా కూత! నీ గొంతు ఇనే ఉరికొచ్చిన!"

ఆమె తల అడ్డంగా ఊపింది. పెదాలు కదిలాయి గానీ మాట అందలేదు. కురుమయ్య చెవి దగ్గరగా పెట్టాడు.

"నేను పిలువలేదు కాకా... పడ్డప్పుడు పక్కటెముకలకు తాకింది. మాటే గింత సన్నగ వస్తాంది..."

"మరి... ఎవరు?"

"గీ సందుల ఉన్న ఆయన. నేను పడ్డప్పటి సంది నా కోసం పిలుస్తనే ఉన్నడు. 'ఎవరూ పలుకరు బిడ్డా, ఎప్పుడూ పలుకరు' అన్నడు... నువ్వు పలికినవు సూడు, గప్పుడు ఏడ్సిండు కాకా."

కురుమయ్య టార్చి సందులోకి తిప్పాడు. బండ... ఎండుటాకులు... ఆ కింద వెలుగు అందని చీకటి.

ఇంకేమీ అడగలేదు. ఆమెను వీపు మీదికి ఎత్తుకుని, వెనక్కి చూడకుండా అడుగు ముందుకు వేశాడు. ఆమె అతని అంగీ పట్టుకుని ఆపింది.

"ఆయనను ఇడిచిపెట్టి పోతమా కాకా? ఆయన కాలు గూడ ఇరికింది."